‘ఏ’తో మొదలయ్యే ఇంగ్లీషు పదాలకు అర్థాలు వరసగా నేర్చుకుంటున్నాను. ఇక ‘బీ’కి వెళ్ళవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది. బ్యాంకు పరీక్షలకు సిద్ధమవుతూ ఒక పదకోశం కొన్నారు. రోజుకు 30 పదాల చొప్పున ‘ఏ’ అక్షరంతో మొదలయ్యే పదాలను సుమారు 400 వరకు నోటుపుస్తకంలోకి ఎక్కించారు. ఉచ్చారణ తెలుగు లిపిలో రాసుకుని, పక్కనే ఒక్కో తెలుగు అర్థం పెట్టుకున్నారు. తీరా నమూనా పరీక్షలో అడ్యాప్ట్, అడాప్ట్, అడెప్ట్ మూడూ ఒకే ముద్దగా కనిపించాయి. అవర్స్‌కూ అడ్వర్స్‌కూ తేడా తట్టలేదు. ఇప్పుడు ‘బీ’కి వెళ్ళాలా, ‘ఏ’నే మళ్ళీ మొదటినుంచి చదవాలా, ఒక పదానికి ఒక తెలుగు అర్థం చాలునా అని అడుగుతున్నారు.

సమాధానం ముందే చెబుతాను. ‘బీ’కి వెళ్ళవద్దు. ‘ఏ’ను అదే వరసలో మళ్ళీ చదవనూ వద్దు. మీరు రాసుకున్న ఆ 400 పదాలనే, వాటి మొదట్లో ఉన్న ముక్కను బట్టి అయిదారు కుప్పలుగా విడదీయండి. ఒక పదం ‘ఏ’తో మొదలవుతుందన్న సంగతి దాని అర్థం గురించి ఏమీ చెప్పదు. ఆ ‘ఏ’ ఏ ఉపసర్గలో భాగమో, ఏ భాషనుంచి వచ్చి చేరిందో తెలిస్తే మాత్రం సగం అర్థం అక్కడే చేతికి దొరుకుతుంది. పదో తరగతి తెలుగులో సంధులు, సమాసాలు శ్రద్ధగా చదివినవారికి ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది మీరు అనుకునేదానికంటే తక్కువ.

నేను 27 ఏళ్ళు పాలిటెక్నిక్ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పి విరమణ పొందినవాణ్ణి. ఇప్పుడు ఉదయం పూట మా ఊరి శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో కూర్చుంటున్నాను. వారిలో ఎక్కువమంది జిల్లా పరిషత్ పాఠశాలల్లో తెలుగు మాధ్యమంలో చదివినవారే, నేనూ అంతే. ఏటా కనీసం నలుగురైదుగురు మీలాగే ‘ఏ’ పూర్తిచేసి, ‘బీ’ మధ్యలోనో ‘సీ’ మొదట్లోనో విసిగి పుస్తకం మూసేయడం చూస్తున్నాను. లోపం వారి జ్ఞాపకశక్తిలో లేదు, వారు ఎంచుకున్న వరసలో ఉంది.

అక్షర క్రమం వెతుక్కోవడానికి పుట్టిన ఏర్పాటు. ఇంగ్లీషు పదాలకు ఇంగ్లీషులోనే అర్థాలిచ్చే మొదటి నిఘంటువును రాబర్ట్ కాడ్రీ 1604లో లండన్‌లో అచ్చువేయించినప్పుడు, దాదాపు 2,500 పదాలను ఈ క్రమంలో పెట్టి, అందులో ఎలా వెతకాలో కూడా పాఠకుడికి విడమరిచి చెప్పవలసి వచ్చింది: పదం ‘ఏ’తో మొదలైతే పుస్తకం మొదట్లో చూడండి, ‘వీ’తో మొదలైతే చివరి వైపు చూడండి అని. అప్పటికి అది అంత కొత్త అలవాటు. దీనికి భిన్నంగా, కంఠస్థం చేయడం కోసమే రాసిన అమరకోశాన్ని చూడండి. అందులో పదాలు స్వర్గ వర్గం, వ్యోమ వర్గం, దిగ్వర్గం, కాల వర్గం అంటూ అర్థాన్ని బట్టి నడుస్తాయి. నానార్థ పదాల దగ్గర మాత్రం అమరసింహుడు అక్షరాన్ని పట్టుకున్నాడు, అదీ చివరి హల్లును. వెతుక్కునే పుస్తకానికీ వల్లించే పుస్తకానికీ కట్టుబడి వేరుగా ఉండాలని ఆ రోజుల్లోనే గ్రహించారు. మీరు వెతుక్కునే పుస్తకాన్ని వల్లించబోయారు.

దానివల్ల జరిగిన నష్టం ఏమిటంటే, నిఘంటువులో పక్కపక్కన కూర్చునే పదాలు అర్థంలో చుట్టాలు కాకపోయినా రూపంలో కవలల్లా ఉంటాయి. వీటిని కొత్తవారు తారుమారు చేసుకునే తీరును బాటియా లాఫర్ అనే ఇజ్రాయెల్ భాషాశాస్త్రవేత్త 1980లలో పరిశీలించి, అలాంటి పదాలకు సిన్‌ఫామ్స్ అని పేరు పెట్టారు. ఒక పదం మనసులో కుదురుకోకముందే దాని కవలను తెచ్చి పక్కన కూర్చోబెడితే రెండూ కదిలిపోతాయి. ‘ఏ’ నుంచి వరసగా చదవడమంటే రోజూ ఆ పనే చేయడం.

దీనికి మీరు తెలియక మరొకటి కలిపారు. ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకున్నారు. ‘తగినట్టు మార్చుకోవడం’ అనే పదంలో నడిమి అచ్చు ‘ఏ’, ‘స్వీకరించడం’ అనే పదంలో నడిమి అచ్చు ‘ఓ’. మన లిపిలో రెంటినీ చాలామంది అడాప్ట్ అనే రాస్తారు. నేను ఇక్కడ మొదటిదాన్ని అడ్యాప్ట్ అని, రెండోదాన్ని అడాప్ట్ అని రాస్తున్నాను. మీ నోటుపుస్తకంలో మాత్రం ఇంగ్లీషు పదం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. పరీక్షలో కంటికి కనబడేది ఆ అక్షరాలే.

ఇక కుప్పల సంగతి. అన్నిటికంటే పెద్దది, మీకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది లాటిన్ ఉపసర్గ ‘అడ్’. దాని అర్థం ‘వైపునకు, దగ్గరకు’. మన ‘ఆ’ ఉపసర్గ చాలాచోట్ల చేసే పని ఇదే. ‘కర్షణ’ అంటే లాగడం, ‘ఆకర్షణ’ అంటే తన వైపునకు లాగడం. లాటిన్‌లో లాగడానికి ‘ట్రాక్ట్’ ధాతువు. దానికి ‘అడ్’ చేరితే అట్రాక్ట్. ముక్కకు ముక్క సరిపోయింది.

‘అడ్ + ట్రాక్ట్’ అయితే ‘అడ్ట్రాక్ట్’ కావాలి గదా, ‘డీ’ ఎక్కడికి పోయిందని మీరు అడగాలి. అడిగితే సగం పని అయినట్టే. జగత్ + నాథుడు ‘జగన్నాథుడు’ ఎలా అయ్యాడో, ఉత్ + లంఘన ‘ఉల్లంఘన’ ఎలా అయిందో, సత్ + జనుడు ‘సజ్జనుడు’ ఎలా అయ్యాడో, ఇదీ అంతే. వెనకాల వచ్చే హల్లు ముందున్న ‘డ్’ను తనలో కలిపేసుకుంటుంది. అడ్ + లొకేట్ అలొకేట్ అవుతుంది, వర్ణక్రమంలో రెండు ‘ఎల్’లు. అడ్ + నిహిల్ (నిహిల్ అంటే శూన్యం) అనైహిలేట్ అవుతుంది, రెండు ‘ఎన్’లు, అర్థం శూన్యం చేయడం, సమూలంగా నాశనం చేయడం. అరైవ్‌లో రెండు ‘ఆర్’లు, ‘రీపా’ అంటే లాటిన్‌లో ఒడ్డు, కాబట్టి మొదట అరైవ్ కావడమంటే పడవ ఒడ్డుకు చేరడమే. ‘ఏ’ తర్వాత ఒకే హల్లు రెండుసార్లు కనిపిస్తే, అక్కడ ‘అడ్’ దాక్కుని ఉందేమోనని ముందు అనుమానించండి. యాపిల్, ఆరో (బాణం) లాంటి అచ్చ ఇంగ్లీషు పదాలకు ఇది వర్తించదు గానీ, పరీక్షల్లో అడిగే బరువైన పదాల్లో ఎక్కువ భాగం ఈ సూత్రానికి లొంగుతాయి.

ఇది వర్ణక్రమానికి కూడా పనికొస్తుంది. అకామడేషన్ అనే మాటలో రెండు ‘సీ’లు, రెండు ‘ఎమ్’లు ఉండాలి. అమీర్‌పేటలో హాస్టళ్ళ బోర్డులు చదువుకుంటూ నడిస్తే ఒక ‘ఎమ్’ ఎగిరిపోయినవి తప్పకుండా కనిపిస్తాయి. అడ్ + కామ్ + మోడస్ అని విడదీసి చూసినవారికి ‘అడ్’లోని ‘డీ’ ‘సీ’గా మారడంవల్ల రెండు ‘సీ’లు, ‘కామ్’ చివర ఒకటి, ‘మోడస్’ మొదట ఒకటి కలిసి రెండు ‘ఎమ్’లు వచ్చాయని జన్మలో మరవనక్కరలేదు.

ఇప్పుడు మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన మూడింటినీ విడదీద్దాం. అడ్యాప్ట్‌లో ఉన్నది ‘ఆప్ట్’, అంటే తగినది, అమరినది. కాబట్టి పరిస్థితికి తగినట్టు అమర్చుకోవడం. అడాప్ట్‌లో ఉన్నది ‘ఆప్షన్’ అనే మాటలో ఉన్న ధాతువే, అంటే ఎంచుకోవడం; కాబట్టి ఒక పద్ధతినో బిడ్డనో ఎంచుకుని తనదిగా చేసుకోవడం. మన ‘దత్తత’లో ఉన్నది ‘దత్త’, అంటే ఇవ్వబడినది. మన మాట ఇచ్చే తల్లిదండ్రుల వైపునుంచి చూసింది, లాటిన్ మాట ఎంచుకునేవారి వైపునుంచి చూసింది. అడెప్ట్ అంటే సాధించినవాడు, అందుకున్నవాడు. అందుకే ప్రవీణుడు అనే అర్థం. మూడింటిలోనూ ‘అడ్’ తర్వాత వచ్చే మాట వేరు, పైన వేసుకున్న చొక్కా మాత్రం ఒకటే.

నా అనుభవం ఒకటి చెప్పాలి. ఇంటర్మీడియట్‌లో జ్వరం వచ్చి సెలవు చీటీ రాశాను. ‘దయచేసి నా చీటీని యాక్సెప్ట్ చేయండి’ అనవలసిన చోట ‘ఎక్సెప్ట్ చేయండి’ అని రాశాను. మా లెక్చరరు గారు చీటీ చదివి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ, “ఏమయ్యా, దీన్ని తీసుకోమంటావా, తీసేయమంటావా?” అన్నారు. క్లాసంతా నవ్వింది, నాకు అర్థం కాలేదు. తర్వాత ఆయనే నల్లబల్ల మీద రాసి చూపించారు. రెండింటిలోనూ ఉన్నది ‘తీసుకోవడం’ అనే ధాతువే. ‘అడ్’ చేరితే దగ్గరకు తీసుకోవడం, అంటే అంగీకరించడం. ‘ఎక్స్’ చేరితే బయటికి తీయడం, అంటే మినహాయించడం. అఫెక్ట్, ఇఫెక్ట్ జంట కూడా ఇదే పోలిక. ధాతువు ‘చేయడం’, ఒకదాని వైపు ఏదో చేస్తే అఫెక్ట్, ప్రభావం చూపడం, లోపలినుంచి చేసి బయటికి తెస్తే ఇఫెక్ట్, ఫలితం. ఆ రోజు నవ్వులపాలైన పదం నలభై ఏళ్ళుగా ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

ఈ కుప్పలో నాకు బాగా ఇష్టమైన జంట అగ్రవేట్, అలీవియేట్. నేర్పేటప్పుడు నేను అర్థం చెప్పను, ఛందస్సు గుర్తు చేస్తాను. అగ్రవేట్‌లో ఉన్నది లాటిన్ ‘గ్రావిస్’, అంటే బరువైనది. గ్రావిటీ అనే మాట దాన్నుంచే వచ్చింది. అలీవియేట్‌లో ఉన్నది ‘లెవిస్’, అంటే తేలికైనది. లాటిన్ గ్రావిస్, సంస్కృత ‘గురు’ ఒకే మూలంనుంచి పుట్టినవి. లెవిస్, ‘లఘు’ కూడా అంతే. కాబట్టి బాధను అగ్రవేట్ చేయడమంటే దాన్ని గురువు చేయడం, తీవ్రం చేయడం. అలీవియేట్ చేయడమంటే లఘువు చేయడం, ఉపశమింపజేయడం. ఈ రెండూ వ్యతిరేక పదాలుగా ప్రశ్నపత్రాల్లో తరచూ కనిపిస్తాయి. గణ విభజన చేసిన విద్యార్థికి వీటిని బట్టీ పట్టవలసిన అవసరమే లేదు.

రెండో కుప్ప ‘అబ్’: దూరంగా, విడిగా. ఇది మన ‘అప’ ఉపసర్గకు పుట్టుకలోనే చుట్టం. అబ్డక్ట్ అంటే దూరంగా నడిపించుకుపోవడం. మనం అపహరణ అంటాం. అబ్యూజ్ అంటే వాడకం దారి తప్పడం. అబ్‌స్టెయిన్ అంటే తనను తాను దూరంగా పట్టి ఉంచుకోవడం; ఓటింగుకు దూరంగా ఉన్నారని పత్రికలు రాసేది దీన్నే. అబ్‌స్ట్రాక్ట్ అంటే విడిగా లాగినది; అందుకే ఒక వ్యాసంలోంచి లాగిన సారాంశమూ అబ్‌స్ట్రాక్టే, వస్తువునుంచి విడదీసిన అమూర్త భావమూ అబ్‌స్ట్రాక్టే.

‘అబ్’, ‘అడ్’ ఎదురెదురుగా నిలబడిన చోట జంటలు ఏర్పడతాయి, మిమ్మల్ని పడగొట్టినవి అవే. ‘వర్ట్’ అంటే తిప్పడం. అవర్ట్ అంటే పక్కకు తిప్పడం, అంటే ప్రమాదాన్ని తప్పించడం. (ఇక్కడ ‘అబ్’ కాస్తా అరిగి ‘అ’గా మిగిలింది.) అడ్వర్టైజ్‌మెంట్ అంటే చూపును తమ వైపునకు తిప్పుకునేది. అవర్స్ అంటే ముఖం తిప్పుకున్నవాడు, విముఖుడు. అడ్వర్స్ అంటే మనకు ఎదురు తిరిగినది, ప్రతికూలం. వాడుకలో తేడా ఇంకా సులభం: మనిషి అవర్స్‌గా ఉంటాడు, పరిస్థితి అడ్వర్స్‌గా ఉంటుంది. నష్టభయానికి విముఖుడైన మదుపరి విషయంలో మొదటిది, వాతావరణం, తీర్పు, ప్రభావం లాంటివాటి విషయంలో రెండోది. అబ్జ్యూర్, అడ్జ్యూర్ కూడా ఇంతే. రెండూ ఒట్టు పెట్టడమే. ఒట్టు పెట్టి వదిలేయడం మొదటిది, ఒట్టు పెట్టి మరీ చేయమని గట్టిగా అడగడం రెండోది. రెండోది ఈ రోజుల్లో అరుదు, దానికోసం నిద్ర చెడగొట్టుకోవద్దు.

ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా వేరేచోటికి లాక్కుపోతుందని, ప్రహార, ఆహార, సంహార, విహార, పరిహారాలను ఉదాహరణగా చూపే పాత శ్లోకం ఒకటి సంస్కృతం చదివినవారికి తెలిసే ఉంటుంది. ‘హార’ ఒకటే, ముందు చేరినది మారేసరికి దెబ్బ, తిండి, చావు, షికారు, నష్టపరిహారం అయిపోయాయి. ఇంగ్లీషులో ‘డక్ట్’, ‘వర్ట్’, ‘ట్రాక్ట్’ వంటివి మన ‘హార’ లాంటివే.

మూడో కుప్ప గ్రీకునుంచి వచ్చిన వ్యతిరేకార్థక ‘అ’, ‘అన్’. దీన్ని మీకు నేర్పవలసిన పనే లేదు, మీరు నఞ్ తత్పురుష సమాసంలో చదివినదే. హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’: న్యాయం కానిది అన్యాయం, అర్హత లేనిది అనర్హం. గ్రీకులోనూ సరిగ్గా ఇదే నియమం, ఎందుకంటే రెండు భాషలకూ ఇది ఒకే పూర్వ భాషనుంచి వచ్చిన ఆస్తి. ఏథీస్ట్‌లో ‘థియోస్’ ముందు ‘అ’, దేవుడు లేడనేవాడు. అనార్కీలో ‘ఆర్కోస్’ (పాలకుడు) ముందు ‘అన్’. రాజు లేని స్థితి, మన అరాజకం, వాడుకలో అరాచకం. అనానిమస్‌లో ‘ఓనిమా’ అంటే పేరు. సంస్కృత ‘నామ’ దానికి చుట్టమే, కాబట్టి అనానిమస్‌కు ‘అనామక’ అనేది అనువాదం కంటే దగ్గరి మాట. అనీమియా రక్తం లేకపోవడం. అపతీ స్పందన లేకపోవడం. ఆటమ్ కోయడానికి వీలులేనిది. ఈ వరసలో అన్నిటికంటే అందమైనది అంబ్రోసియా, గ్రీకు దేవతల ఆహారం. దానిలోని ముక్కలు ‘మరణం లేనిది’ అని చెబుతాయి. అది మన ‘అమృతం’కు అక్షరాలా తోబుట్టువు.

ఒక హెచ్చరిక. ఏమోరల్, ఇమ్మోరల్ రెండింటికీ పదకోశాలు ‘నీతి లేని’ అనే అర్థం ఇచ్చి వదిలేస్తాయి. ఇమ్మోరల్ అంటే నీతికి విరుద్ధం, అవినీతికరం. ఏమోరల్ అంటే నీతి, అవినీతి అనే ప్రశ్నే వర్తించనిది, లేదా ఆ ప్రశ్నను పట్టించుకోనివాడు. పసిపాప ఏమోరల్, లంచగొండి ఇమ్మోరల్.

నాలుగో కుప్ప చిన్నది, కానీ వ్యాకరణ దోషాలు కనిపెట్టే ప్రశ్నల్లో పదే పదే వస్తుంది. అస్లీప్, అలైవ్, అషోర్, అబ్లేజ్, అబోర్డ్ వంటివాటిలో ‘అ’ పాత ఇంగ్లీషు ‘ఆన్’ అరిగిపోగా మిగిలినది, ‘ఆ స్థితిలో, ఆ చోట’ అని అర్థం. అందుకే ఇవి సాధారణంగా నామవాచకం ముందు నిలబడవు. పిల్లవాడు అస్లీప్ అనవచ్చు, ‘అస్లీప్ పిల్లవాడు’ అనకూడదు. అక్కడ స్లీపింగ్ రావాలి. అఫ్రెయిడ్ పుట్టుక వేరైనా నడక ఇదే.

అయిదోది అరబ్బీ ‘అల్’. అల్జీబ్రాలో ఉన్నది ‘అల్ జబ్ర్’. 9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన గణిత గ్రంథం పేరులోని మాట. ఆల్కహాల్‌లో ఉన్నది ‘కుహ్ల్’, కంటికి పెట్టుకునే సుర్మా పొడి. ఆ మెత్తని పొడినుంచి, శుద్ధిచేసి తీసిన సారం అనే అర్థం మీదుగా సారాయి దాకా ప్రయాణించింది. ఆల్కలీ, ఆల్కెమీ కూడా ఈ జట్టువే. పరీక్షకు వీటి అవసరం తక్కువ, కాబట్టి ఒక్క పేజీ చాలు.

ఇక ఈ పద్ధతి ఎక్కడ బోల్తా కొట్టిస్తుందో చెప్పకపోతే మోసం చేసినవాణ్ణవుతాను. అబ్రీవియేట్ చూడగానే ‘అబ్’ అనిపిస్తుంది; నిజానికి అది అడ్ + బ్రెవిస్ (పొట్టి), ‘డీ’ మారి రెండు ‘బీ’లయ్యాయి. అనాటమీలో ఉన్నది వ్యతిరేకార్థక ‘అన్’ కాదు, ‘అనా’ అనే మరో ఉపసర్గ. కోసి విడదీయడం అని అర్థం. యాంటీ అంటే వ్యతిరేకం, యాంటె అంటే ముందు. మీకు ఉద్యోగం వచ్చాక పోలీసులు విచారించే యాంటిసిడెంట్స్ రెండో రకం, అంటే పూర్వ చరిత్ర. యాంటిసిపేట్ వర్ణక్రమంలో మొదటి రకంలా కనిపిస్తుంది, పుట్టుకలో రెండో రకం: ముందే అందుకోవడం, ఊహించి సిద్ధపడడం. మన ఇళ్ళలోని అల్మారాను చూసి అరబ్బీ ‘అల్’ అనుకునేరు. అది లాటిన్ ‘అర్మారియం’ పోర్చుగీసు మీదుగా మనదాకా వచ్చిన రూపం. పుట్టుక తెలిసినా నేటి అర్థం మారిపోయిన పదాలూ ఉన్నాయి. ఆఫుల్, ఆసమ్ రెండూ ‘భయభక్తులు’ అనే మాటనుంచే పుట్టాయి, ఇప్పుడు ఒకటి ఘోరం, మరొకటి అద్భుతం. అపాలజీ అంటే మొదట సమర్థన, ఇప్పుడు క్షమాపణ. కాబట్టి ముక్క అర్థం దారి చూపుతుంది గానీ తీర్పు చెప్పదు. చివరికి వాక్యంలోనే సరిచూసుకోవాలి.

మీ మూడో ప్రశ్న ఇక్కడికే వస్తుంది: ఒక తెలుగు అర్థం చాలునా? చాలదు. అప్రీషియేట్‌కు మీరు ‘అభినందించు’ అని రాసుకుని ఉంటారు. బ్యాంకు పరీక్షలో ‘డాలరుతో పోలిస్తే రూపాయి అప్రీషియేట్ అయింది’ అని వస్తుంది. రూపాయి ఎవరినీ అభినందించదు. ఆ పదంలో ఉన్నది ‘ధర’. విలువ కట్టడం దాని గుండె. ఒకరి పనికి విలువ కడితే మెచ్చుకోలు, ఒక సమస్య విలువ తెలుసుకుంటే గ్రహింపు, నాణేనికి విలువ పెరిగితే బలపడడం. అరెస్ట్‌కు ‘నిర్బంధించు’ అని మాత్రమే రాసుకున్న ఒక విద్యార్థి కార్డియాక్ అరెస్ట్‌ను ‘గుండె నిర్బంధం’ చేశాడు. అరెస్ట్ అసలు అర్థం ఆపడం. దొంగనూ ఆపవచ్చు, నేలకోతనూ ఆపవచ్చు, గుండె తానే ఆగిపోవచ్చు. ఒక్కోసారి తెలుగు మాటే రెండర్థాలనూ మోస్తుంది, అప్పుడు ఆనందంగా వాడుకోండి. అజిటేషన్ అంటే మనసులో అలజడి, వీధిలో నిరసన; మన ‘ఆందోళన’ కూడా సరిగ్గా ఆ రెండే, దాని తొలి అర్థమేమో ఊయల ఊగడం.

నోటుపుస్తకం ఎలా ఉండాలంటే, ఒక్కో ముక్కకు నాలుగైదు పేజీలు కేటాయించండి. పదం ఇంగ్లీషు అక్షరాల్లో, దాని కింద విడదీసిన ముక్కలు, ఆ పక్కన మీరే కట్టిన ఒక ఇంగ్లీషు వాక్యం, చివర తెలుగు అర్థం. ఈ వరస ముఖ్యం. తెలుగు అర్థం ముందుంటే కన్ను అక్కడే ఆగిపోతుంది. రోజుకు 30 కాదు, 10 చాలు, మిగిలిన సమయం నిన్నటి పదికీ, పోయిన వారపు పదికీ. కవల పదాలను ఒకే రోజు ముట్టుకోవద్దు. అడాప్ట్ ఈ వారం నేర్చుకుంటే అడ్యాప్ట్ మూడో వారంలో, మొదటిది నోటికీ చేతికీ అలవాటయ్యాక. నేను ఇక్కడ జంటలుగా వివరించినది మీరు ఇప్పటికే వాటిని కలగాపులగం చేసుకున్నారు కాబట్టి. కొత్త పదాలకు ఈ పని చేయవద్దు.

మీ 400 పదాల్లో ఈ కుప్పలకు లొంగనివి వందో, అంతకు కాస్త తక్కువో మిగులుతాయి. అబాండన్, ఆగనీ, ఆక్వర్డ్ లాంటివి. వాటిని విడిగా చీటీల మీద రాసి, చదివే వ్యాసాల్లో ఎదురైనప్పుడల్లా ఒక గీత పెట్టండి. నెలలో ఒక్కసారి కూడా ఎదురుకానిదాన్ని పక్కన పెట్టేయండి.

కొందరు ఇంగ్లీషులో మొదటి అక్షరాలకే అర్థం ఉంటుందని ఉదాహరణలు చూపుతారు. ‘ఎస్, ఎన్’ కలిసి మొదలయ్యే స్నీజ్, స్నోర్, స్నిఫ్, స్నౌట్ ముక్కుకు సంబంధించినవి. ‘జీ, ఎల్’తో మొదలయ్యే గ్లో, గ్లీమ్, గ్లిట్టర్ వెలుగుకు సంబంధించినవి. మనకూ మెరుపు, మిలమిల, మిణుగురు, మిరుమిట్లు ఉన్నాయి గదా. చూడముచ్చటైన విషయమే, కానీ ‘ఏ’ విషయంలో అలాంటి మేలు ఏదీ లేదు, పరీక్షకు దాని మీద ఆధారపడలేము.

‘ఏ’ కుప్పలు కుదిరాక ‘బీ’కి వెళ్ళవద్దన్నాను, మరి ఎటు? ధాతువుల వెంట. అబ్డక్ట్ వచ్చింది కాబట్టి కండక్ట్, డిడక్ట్, ఇండక్ట్. అట్రాక్ట్ వచ్చింది కాబట్టి ఎక్‌స్ట్రాక్ట్, రిట్రాక్ట్, డిస్ట్రాక్ట్. అలా పోతే ‘సీ’, ‘డీ’, ‘ఈ’, ‘ఐ’, ‘ఆర్’ అక్షరాల్లోని బరువైన పదాలు చాలావరకు వాటంతటవే వస్తాయి. ‘బీ’ కింద ఇలాంటి ఉపసర్గలు తక్కువ, దాన్ని చివరికి వదిలేసినా నష్టం లేదు. అయినా ‘బీ’ చూడకుండా మనసొప్పకపోతే బ్యాండికూట్‌తో మొదలుపెట్టండి. దానికి అర్థం రాసుకోనక్కరలేదు. ఇంగ్లీషువారు మన పందికొక్కునే పట్టుకుపోయి నిఘంటువులో పెట్టుకున్నారు.